గడియారంలో ఈనెపుల్ల

శుక్రవారం

గడియారం ఆపాను. పన్నెండు కావడానికి ఇంకా ఏడు నిమిషాలున్నాయి. ఈ ఓడ మీద నా పని గడియారం నడపడమని అందరూ అనుకుంటారు గానీ, నిజానికి నాకు జీతం ఇచ్చేది దాన్ని ఆపినందుకు. నడవడానికి దానికి నాతో పనిలేదు. తాళం తిప్పి వదిలేస్తే వారం రోజులు దాని మానాన అది నడుస్తుంది.

ఇక్కడి పద్ధతి తెలియనివాళ్లకు ఇదంతా పిచ్చిగా కనిపిస్తుంది. ఏటా ఒకసారి లోకంలోని దేశాలన్నీ ఈ ఓడెక్కి, ఎండలు ఇలా మండిపోతున్నాయే, సముద్రం ఇలా ఊళ్ల మీదికి వచ్చేస్తోందే, ఏం చేద్దాం అని మాట్లాడుకుంటాయి. పూర్వం ఏదో ఒక దేశం పిలిచి భోజనాలు పెట్టేదట. ఇప్పుడెవరూ పిలవడం లేదు. పిలిచిన దేశాన్నే ముందు తిడుతున్నారు మరి. అందుకని ఎవరిదీ కాని నీళ్లలో లంగరేసి కూచుంటారు. ఈసారి బంగాళాఖాతం వంతు వచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు గంటలు కొట్టేలోగా ఒప్పందం కుదరాలి. కొట్టిందంటే సభ ముగిసినట్టే, కుదరనిదంతా వచ్చే ఏటికి పోతుంది. ఏ ఏడూ కుదరదు. కాబట్టి ముల్లు పన్నెండు దగ్గరికి వచ్చేసరికి అధ్యక్షుల వారు నావైపు చూస్తారు. నేను నిచ్చెనెక్కి, అద్దం తలుపు తీసి, లోపల అటూ ఇటూ ఊగే చక్రానికి ఒక కొబ్బరి ఈనె అడ్డం పెడతాను. ఆగుతుంది. ‘సభకు కాలమనగా సభ గడియారము చూపు కాలమే’ అని నిబంధన. అంటే లోకంలో కాలం ఆగినట్టే. ఇక ఎన్నాళ్లయినా మాట్లాడుకోవచ్చు, శుక్రవారం దాటదు.

మొదట్లో కంప్యూటరు గడియారం ఉండేదట. ఒక ఏడాది ఎవరో ఒడ్డున కూచుని దాన్ని అరగంట ముందుకు జరిపారు. ఎవరన్నది ఇప్పటికీ ఒకరిమీద ఒకరు చెప్పుకుంటారు. కుదరబోయిన ఒప్పందం కాస్తా గంట కొట్టి పోయింది. అప్పుడు తీగలేవీ లేని, చేత్తో తాళం తిప్పే గడియారం కావాలన్నారు. గడియారం దొరికింది గానీ బాగుచేసేవాడు దొరకలేదు. వెతగ్గా వెతగ్గా కాకినాడ జగన్నాథపురంలో మా నాన్న మూసేసిన గడియారాల కొట్టు ముందు కూచుని, వేరుశనక్కాయలు కట్టిచ్చిన కాగితం చదువుకుంటూ నేను కనిపించాను. పెమ్మాడి దొరబాబు అనే నా చదువంతా అలాంటి కాగితాల మీదే సాగింది. సముద్రపు ప్రవాహాల గురించి సగం తెలుసు. మిగతా సగం కాగితంలో ఇంకో ఊరివాళ్లు పకోడీలు తిని ఉంటారు.

చెప్పొచ్చేదేమంటే, నేను రాసే ఈ దినచర్యలో సభ గడియారం చూపే రోజే రాయాలని నాకు ఆజ్ఞ. ఈనె తీసేదాకా రోజూ శుక్రవారమే.

ఈసారి తేలనిది ఒక్క అంశం. నదులు సముద్రంలో కలిసేచోట ఉండేవాళ్లంతా, మన గోదావరి లంకలవాళ్లు, నైలు నది వాళ్లు, మెకాంగ్ వాళ్లు, కలిసి డెల్టాల కూటమి అని పెట్టుకున్నారు. వాళ్ల తరఫున మాట్లాడేది సంగాని మాణిక్యం. ఊరు గోదావరి నోట్లో తాబేళ్ల లంక. పడవ నడిపిన చేతులు; మైకు పట్టుకుంటే చుక్కాని పట్టుకున్నట్టే ఉంటుంది. ఆమె అడిగేది సూటిగా ఉంది. సముద్రం తినేసే ప్రతి ఊరికీ ఎగువన గట్టి నేల ఇవ్వాలి, అదే పేరుతో ఊరు మళ్లీ నిలబడాలి, అది హక్కుగా రాయాలి. ఉత్తర కూటమి ప్రతినిధి లిండ్‌హోల్మ్ ‘హక్కు’ తీసేసి ‘సాయం’ అని పెట్టమంటాడు. సాయమంటే శిబిరంలో చాప, పొట్లం అన్నం, ఇష్టమైనన్నాళ్లు. హక్కంటే పట్టా. ‘సంతకం నాటికి సభ గడియారం చూపే రోజున జనం కాపురమున్న ఊళ్లకు వర్తించును’ అని కింద ఒక వాక్యం ఉంది. దాని మీద ఎవరికీ తగువు లేదు.

నిచ్చెన దిగుతుంటే మాణిక్యం కింద నిలబడి ఉంది.

“ఎన్నాళ్లాగుద్ది బాబాయ్?”

“నువ్వు గెలిచేదాకానో, వాళ్లకి బిస్కెట్లు అయిపోయేదాకానో.”

“బిస్కెట్లే ముందయిపోతాయండి,” అంది.

ఇంకా శుక్రవారం

నిన్న సాయంత్రం ఆకాశం ఎర్రబడింది. ‘నిన్న’ అని రాయకూడదు, అయినా రాశాను.

పొద్దు కుంకాక వచ్చే ఎరుపు కాదది. ఉత్తరాన మొదలై నడినెత్తికి పాకింది. కిళ్లీ నమిలి ఉమ్మినట్టు చారలు చారలుగా, కదులుతూ. సూర్యుడిలో తుఫాను లేచిందని, అది భూమిని తాకిందని ఓడ కెప్టెన్ చెప్పాడు. పైన తిరిగే ఉపగ్రహాలన్నీ మాడిపోయాయి. చేతిలో ఫోన్లు పలకలుగా మారిపోయాయి. చెవుల్లో పెట్టుకుంటే ఏ భాషయినా మన భాషలో వినిపించే గుళికలు మూగబోయాయి. డెక్కు మీది హెలికాప్టర్లు దారి తెలియక రెక్కలు వాల్చుకుని ఉన్నాయి. రేడియోలో బూడిద రాలుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఆకాశం అందంగా ఉందని ప్రతినిధులంతా డెక్కెక్కి చూశారు. కాసేపటికి ఒక్కొక్కరే ఫోను తీసి ఇంటికి చేద్దామని చూసుకుని, మళ్లీ జేబులో పెట్టుకోవడం మొదలెట్టారు. ఆ తర్వాత ఎవరూ పైకి చూడలేదు.

స్టోరు గదిలోంచి పాతకాలపు అనువాదం పెట్టె ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టారు. దానికి ఉపగ్రహాలతో పనిలేదు. కాకపోతే తెలుగు ఎవరి దగ్గర నేర్చుకుందో గాని, కాఫీ కావాలన్నా సన్మానపత్రం చదువుతున్నట్టు చెబుతుంది.

లోకానికి ఆపద రావడం, మా అంశం పక్కకు పోవడం నాకు కొత్త కాదు. నేను చేరిన ఏడు గోధుమకు తెగులొచ్చింది. తిండి ముందు, తర్వాత లంకలు అన్నారు. ఆ తర్వాత ఏదో జలసంధిలో యుద్ధం. ఓడల దారి ముందు, తర్వాత లంకలు. ఆ తర్వాత జ్వరం వచ్చింది. ఆ ఏడు ఫ్యాక్టరీలన్నీ మూతపడి ఆకాశం నీలంగా తేలితే ఒక్కొక్కరూ లేచి దాని మీద ఉపన్యాసం ఇచ్చారు. నిజం చెప్పాలంటే ఆ భయంలోనే బొగ్గు గురించి ఒక మంచి పనీ చేశారు. భయపడ్డ మనిషి ఒక్కోసారి బుద్ధిమంతుడవుతాడు. జ్వరం తగ్గాక బుద్ధీ తగ్గింది. ఆపద ఏదైనా కానీ, అది తీరి వీళ్లకు లంకలు గుర్తొచ్చేసరికి సముద్రం ఇంకో బారెడు లోపలికి వచ్చి ఉండేది.

కాబట్టి ఇవాళ అధ్యక్షురాలు ఇనెస్ గొంతు సవరించుకోగానే ఏం రాబోతోందో నాకు తెలిసిపోయింది. ఆవిడ మంచిది. ఆండీస్ కొండల మనిషి, మంచు కరిగిపోయి ఊరికి నీళ్లు లేనివాళ్ల బిడ్డ. కానీ కుర్చీలో కూచుంటే కుర్చీ మాట్లాడుతుంది.

“మాన్య సభ్యులారా!” అంది పెట్టె. “గగనమున సంభవించిన ఘోర విపత్తు దృష్ట్యా, గడియారమును పునఃప్రారంభించి, విపత్తును చర్చకు స్వీకరించి, శేషించిన అంశమును రాబోవు సంవత్సరమునకు వాయిదా వేయుటకు ప్రతిపాదించుచున్నాను.”

సభంతా తలలూపింది. మాణిక్యం లేచింది.

“ఏ విపత్తండీ?”

ఇనెస్ పైకి చూపించింది.

“అది కాదండీ, నేనడిగేది. ఆ గడియారం చూడండి. ఏ వారం చూపిత్తందండీ? శుక్రవారం. టైమెంత? పన్నెండుకి ఏడు తక్కువ. ఆకాశం ఎర్రబడింది శనివారం సాయంత్రం కదండీ? మరి శనివారం ఇంకా రాలేదు కదా. రాని రోజున జరిగిందాన్ని మీరెలా చర్చ చేత్తారు?”

పెట్టె తన తెలుగులోంచి అందరి భాషల్లోకీ దాన్ని మార్చి చెప్పింది. వెనకబల్లల మీద ఎవరో నవ్వారు. లిండ్‌హోల్మ్ నవ్వలేదు. ఆయన పొడగరి, కూచున్నా నిలబడ్డట్టే కనిపిస్తాడు.

“అట్లయిన గడియారమును నడుపుడు!” అని ఆయన తరఫున పెట్టె గద్దించింది.

అక్కడుంది చిక్కు. గడియారం ఆపడానికి అందరూ ఒప్పుకోవాలి. నడపడానికీ అందరూ ఒప్పుకోవాలి. ఈ నిబంధన పెట్టింది పెద్ద దేశాలే, చిన్నవాళ్లు తొందరపడి గంట కొట్టించేస్తారేమోనని.

“మేం ఒప్పుకోమండి,” అంది మాణిక్యం, కూచుంటూ.

“ఈ వనిత మనలనందరిని శుక్రవారమున ఖైదు చేసినది!” అంది పెట్టె.

“ఆయ్, చేసేను,” అంది మాణిక్యం.

శుక్రవారం, బియ్యం తగ్గాక

ఎవరూ వెళ్లలేరు. వెళ్లి కుర్చీ ఖాళీ చేస్తే మిగతావాళ్లు వాళ్లు లేకుండా సంతకాలు పెట్టుకోవచ్చు. ఉండనూ లేరు. ఇంటి దగ్గర ఏమైందో ఎవరికీ తెలియదు. చలిదేశాల్లో కరెంటు తీగలు కూడా కాలిపోయి ఉంటాయని కెప్టెన్ ఒకసారి అని, మళ్లీ అనలేదు. పొద్దున్నించీ డెక్కు చుట్టూ తిరుగుతూనే ఉంటారు. ఒకాయన ఫోనుకు రోజూ చార్జింగు పెడతాడు. ఇంకొకావిడ గడియారం కిందికొచ్చి నిలబడి, తన చేతి గడియారం చూసుకుని, దీన్ని చూసి, తనది విప్పి బ్యాగులో వేసుకుంటుంది. మర్నాడు మళ్లీ పెట్టుకొస్తుంది.

నాకూ కాలు నిలవడం లేదు. ఆగిన గడియారంలో తుడవడానికి ఏముంటుంది? అయినా రోజుకు రెండుసార్లు అద్దం తుడుస్తున్నాను. మోకాళ్లు నిచ్చెన వద్దంటున్నాయి, చేతులు ఎక్కమంటున్నాయి. ఓడ మీద లోలకం గడియారాలు పనికిరావు, ఓడ ఊగితే అవీ ఊగి లెక్క తప్పుతాయి, అందుకే ఇది స్ప్రింగుతో చక్రం ఊగేది. దాని టిక్ టిక్ లేకపోతే హాల్లో మనుషుల ఊపిరి వినిపిస్తుంది. ఇన్నాళ్లూ గమనించలేదు, అందరి ఊపిరీ ఒకేలా ఉంటుంది.

చర్చ మాత్రం నడుస్తోంది. మామూలుగా వీళ్లు ఒక మాట అని, బయటికెళ్లి రాజధానికి ఫోను చేసి, వచ్చి ఆ మాట వెనక్కి తీసుకుంటారు. ఇప్పుడు ఫోను లేదు. అన్న మాట అన్నచోటే ఉండిపోతోంది. నిన్న ఒక దేశం ‘హక్కు’ సరే అంది. ఇవాళ పొద్దున్న ఇంకో నాలుగు. మధ్యాహ్నం గంజిలాంటిదేదో పోశారు, దాని తర్వాత చాలామంది.

మిగిలింది ఉత్తర కూటమి. లిండ్‌హోల్మ్ లేకుండా ఆ నేలకు డబ్బూ లేదు, బలమూ లేదు.

శుక్రవారం, పడవ వచ్చాక

కాకినాడ నుంచి కూరగాయలు తెచ్చే నాగిడి ఎర్రయ్య మరపడవ వచ్చింది. ఉపగ్రహాలు పోతే ఆయనకేం, చుక్కల్ని చూసుకుంటూ వచ్చాడు. ఎర్రయ్యను చూడగానే అందరూ పరిగెత్తారు, కూరగాయల కోసం కాదు, కబురు కోసం. కానీ ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. మాణిక్యం కోసం చూశాడు. నేను పక్కనే ఉన్నాను.

“అమ్మా, గాలివాన వచ్చిందమ్మా. మొన్న. చెప్పేవాళ్లు లేరు కదా, పైనున్నయ్యన్నీ గుడ్డివైపోయినియ్యి. మధ్యాన్నం అన్నాలు తింటన్నప్పుడు నీళ్లు లేచినియ్యి.”

“తాబేళ్ల లంక?”

ఎర్రయ్య తలపాగా విప్పి చేతిలో పట్టుకున్నాడు. “లంక లేదమ్మా. పైన నీళ్లే. చెట్ల తలలు కూడా లేవు.”

“జనం?” అంది మాణిక్యం.

“శానామంది పడవలెక్కేరు. యానాం పక్కన ఒడ్డుకి చేరేరు. గంజి పోత్తన్నారు. ఎవరున్నారు, ఎవరు లేరు అన్నది నాకు తెల్దమ్మా. మీ బంగారిని నేను చూళ్లేదు. లేదనీ అనటం లేదు, చూళ్లేదంతే.”

బంగారి మాణిక్యం చెల్లెలు. లంక మీద ఎండుచేపల పందిళ్లు చూసుకునేది. అక్క ఓడెక్కుతుంటే, ‘ఈసారన్నా పట్టా తేపోతే ఇంట్లోకి రానివ్వను’ అందట. ఆ మాట మాణిక్యమే నాకు నవ్వుతూ చెప్పింది, మొదటి రోజున.

కబురు హాల్లోకి నాకన్నా ముందే వెళ్లింది. ఇనెస్ కుర్చీ దిగి వచ్చి మాణిక్యం పక్కన నేల మీద కూచుంది. పెట్టెను కూడా కింద పెట్టించింది. ఈసారి దాని మాట కూడా మెల్లగా వినిపించింది.

“సోదరీ, గడియారమును నడుపుదము. సంతాపమును ప్రకటించెదము. సాయమును తీర్మానించెదము. ఈ ఓడ లంగరెత్తి మీ వారి చెంతకు పోగలదు.”

దొంగ మాట కాదది. ఆవిడ కళ్లలో నీళ్లున్నాయి. సభ సాగుతుండగా లంగరెత్తకూడదని నిబంధన. ముగిస్తే ఓడ, అందులో డాక్టరు, మందులు, తెల్లారేసరికి యానాం దగ్గరుంటాయి.

మాణిక్యం గడియారం వైపు చూసింది. ఆ తర్వాత నావైపు.

“అమ్మా,” అంది ఇనెస్‌తో, “మీ మనసు మంచిదండి. కానీ చూడండి. ఆ ముల్లు కదిలిందంటే మా లంక ఉండదండి. ‘కాపురమున్న ఊళ్లు’ అని రాసేరు కదా. కాపురమెక్కడండీ, నీళ్లలోనా? మా వాళ్లు వరదబాధితులు అయిపోతారు. చాపా, పొట్లం అన్నం. ఎన్నిసార్లు తిన్నామో ఆ పొట్లం. ఇప్పుడు, శుక్రవారంలో, మా ఊరుందండి. అందరూ ఉన్నారు. బంగారి చేపలు తిరగేత్తంది.” గడియారం వైపు వేలు చూపించింది. “నేను నడపనివ్వను.”

అప్పుడు లిండ్‌హోల్మ్ లేచాడు. నాకు ఒళ్లు మండింది, ఇప్పుడు కూడా వాదిస్తాడా అని. ఆయన పెట్టె దగ్గరికొచ్చి చిన్నగా అన్నాడు. పెట్టె చెప్పింది: “సంభవింపని విపత్తునకు సాయము తీర్మానింపజాలము. అయినను నేటి భోజనము నాకు రుచింపదు. నా పాలి బియ్యమును ఆ పడవలో వేయుడు.”

అంతే, ఒకరి తర్వాత ఒకరు. శుక్రవారం ఉపవాసమని మన ఆడవాళ్లు చెప్పే మాట ఆ తెల్లవాళ్లకు ఎవరు చెప్పారో. బియ్యం, మందులు, మంచినీళ్లు, చివరికి డాక్టరు కూడా ఎర్రయ్య పడవెక్కాడు. తీర్మానం లేకుండా, సవరణ లేకుండా, సాయం ఇంత తొందరగా వెళ్లడం ఈ ఓడ మీద నేనెప్పుడూ చూడలేదు. అధికారికంగా ఏమీ జరగలేదు మరి, అడ్డుపడ్డానికి ఏముంది?

పడవ కదిలేముందు మాణిక్యం రెయిలింగు పట్టుకుని, “ఎర్రయ్య మావా, బంగారి సంగతి కనుక్కురా,” అని కేకేసింది.

శుక్రవారం, మళ్లీ

ఇవాళ నేను అద్దం తుడుస్తుంటే లిండ్‌హోల్మ్ వచ్చాడు. చంకలో పెట్టె, వెనకాల దాని తీగ ఈడ్చుకుంటూ. నిచ్చెన కింద మెట్టు మీద కూచున్నాడు.

“ఓ వృద్ధ మహాశయా,” అంది పెట్టె, “ఈ గడియారము ఎన్నటికిని నడువకున్న ఏమగును?”

“తుప్పు పడుతుందండీ,” అన్నాను.

దాన్ని పెట్టె ఎలా చెప్పిందో గాని ఆయన చాలాసేపు ఆలోచించాడు. తర్వాత తన కూతురి గురించి చెప్పాడు. పేరు సిగ్రిడ్. ఉత్తరాన మంచుపట్టణంలో నర్సట. అక్కడిప్పుడు చలికాలం. కరెంటు లేకపోతే ఆసుపత్రిలో ఏమవుతుందో తనకు తెలుసని, అందుకే ఆలోచించకుండా ఉండటానికి పొద్దస్తమానం డెక్కు మీద నడుస్తున్నానని అన్నాడు. తర్వాత మాణిక్యం కూచునే కుర్చీ వైపు చూస్తూ ఏదో గొణిగాడు.

“శుక్రవారమున నా కుమార్తెయు క్షేమము,” అంది పెట్టె.

నాకు పిల్లల్లేరు. అద్దం తలుపు తెరిచి ఆయనకు ఈనె చూపించాను. మా వాకిలి చీపురులోదని చెప్పాను. చిన్నప్పుడు దీంతోనే నాలుక గీసుకునేవాళ్లమని, దీంతోనే విస్తళ్లు కుట్టేవాళ్లమని, మా నాన్న దీంతోనే గడియారాల్లోంచి బొద్దింక కాళ్లు తీసేవాడని చెప్పాను. ఎక్కడికో పోయింది మాట. ఆయన మాత్రం చివరిదాకా విన్నాడు.

లేచి వెళుతూ ఆగాడు. “నాకొక ఆదేశము కలదు,” అని పెట్టె చేత చెప్పించాడు. “రాజధానితో సంబంధము తెగినచో స్వబుద్ధితో నిర్ణయింపవలెను అని. ఇన్నేండ్లలో ఎన్నడును తెగలేదు. కావున నాకు స్వబుద్ధి కలదో లేదో తెలిసికొను అవకాశము రాలేదు.”

“ఇప్పుడొచ్చింది కదండీ,” అన్నాను.

నవ్వాడు. ఆయన పళ్లు చూడడం అదే మొదలు.

శుక్రవారం, రేడియో పలికాక

పొద్దున్న సభ మొదలవగానే లిండ్‌హోల్మ్ ‘హక్కు’ ఉంచమన్నాడు. హాలంతా ఒక్కసారి కదిలింది. ఒప్పందం చివరిసారి చదవడం మొదలైంది. ఊళ్ల పేర్లతో సహా పెట్టె చదువుతోంది. నైలు ఊళ్లు, మెకాంగ్ ఊళ్లు, తర్వాత మనవి. అప్పుడే రేడియో గదిలోంచి ఆపరేటరు పరిగెత్తుకొచ్చాడు.

“సార్! ఉత్తర రాజధాని! లైను కలిసింది! మిమ్మల్ని వెంటనే రమ్మంటున్నారు!”

ఆపరేటరు విశాఖ కుర్రాడు, కంగారులో తెలుగులోనే అరిచాడు. పెట్టె దాన్ని సన్మానపత్రంగా మార్చేలోపే ఆయనకు అర్థమైపోయింది. నిలబడ్డాడు. ఆ లైనులో రెండున్నాయి. సంతకం పెట్టొద్దనే మాట ఒకటి. అది అందరికీ తెలుసు. సిగ్రిడ్ ఉందో లేదో అనేది రెండోది. అది నాకు మాత్రమే తెలుసు. ఒకటి వినకుండా రెండోది వినడానికి లేదు.

ఆయన గడియారం వైపు చూశాడు.

“వారిని వేచియుండుమని చెప్పుడు,” అంది పెట్టె. “నేనింకను శుక్రవారమున ఉన్నాను.”

కూచున్నాడు. చేతులు బల్ల కింద పెట్టుకున్నాడు.

“తాబేళ్ల లంక,” అని చదివింది పెట్టె. మిగతా ఊళ్లను ఎలా చదివిందో అలాగే. మాణిక్యం కళ్లు మూసుకుంది.

సంతకాలు సాగుతుండగా తలుపు దగ్గర ఎర్రయ్య కనిపించాడు. తడి బట్టలతో, తలపాగా చేతిలో పట్టుకుని. ఏదో చెప్పబోయాడు. మాణిక్యం కలం పైకెత్తి ఆపింది.

“చెప్పకు మావా. పన్నెండవనీ. ఇప్పుడు చెప్తే నేనిక్కడ కూచోలేను.”

ఎర్రయ్య గోడకానుకుని నిలబడ్డాడు. ఆమె సంతకం పెట్టింది. ఆ పక్కన లిండ్‌హోల్మ్ పెట్టాడు.

ఇనెస్ నావైపు చూసింది. ఎవరికైనా అభ్యంతరమా అని అడిగింది. మాణిక్యం కలం కింద పెట్టింది.

“నడపండి బాబాయ్.”

నిచ్చెనెక్కి ఈనె తీశాను. చక్రాన్ని వేలితో చిన్నగా తట్టాను. టిక్ మంది.

ఏడు నిమిషాలు ఎంత పెద్దవో ఏం చెప్పను. మన్నించండి, దినచర్యలో ఇలాంటివి రాయకూడదు. గంట కొట్టేదాకా ఎవరూ లేవకూడదు. ఒక గోడ దగ్గర ఎర్రయ్య, ఒక తలుపు దగ్గర ఆపరేటరు. మాణిక్యం ఎర్రయ్య వైపు చూడలేదు. లిండ్‌హోల్మ్ ఆపరేటరు వైపు చూడలేదు. ఇద్దరూ ముల్లునే చూస్తున్నారు. అది త్వరగా పోవాలనో, పోకూడదనో వాళ్లకూ తెలిసి ఉండదు. నిచ్చెన దిగకుండా నేనక్కడే ఉండిపోయాను. ఈనె ఇంకా వేళ్ల మధ్యే ఉంది.

పన్నెండు కొట్టింది.

శుక్రవారం, పన్నెండు దాటి

లిండ్‌హోల్మ్ పరిగెత్తాడు. అంత పొడుగు మనిషి అలా పరిగెత్తడం చూడలేదు. రేడియో గదిలోంచి ముందు అరుపులు వినిపించాయి, అవి రాజధానివి, ఇంత దూరానికీ వినిపించాయి. ఆ తర్వాత ఆయన నవ్వో ఏడుపో తెలియని చప్పుడు. ఆపరేటరు బయటికొచ్చి నాకు బొటనవేలు ఎత్తి చూపించాడు. సిగ్రిడ్ ఉంది.

మాణిక్యం నడిచే వెళ్లింది. ఎర్రయ్య ముందు నిలబడింది.

“పందిళ్ల దగ్గరున్నోళ్లందరూ దక్కేరమ్మా,” అన్నాడు ఎర్రయ్య. “ఆడోళ్లు, పిల్లలు, అందరూ. కట్టిన పడవల తాళ్లన్నీ బంగారే కోసి వదిలింది. ఆ చివర పడవ కూడా వదిలేసి వత్తానంది.” తలపాగాను మెలిపెట్టాడు. “రాలేదమ్మా.”

ఆమె మెట్ల మీద కూచుంది. చాలాసేపటికి లేచింది. కొంగుతో మొహం తుడుచుకుని నా నిచ్చెన దగ్గరికొచ్చింది. ఓడ లంగరెత్తుతున్న గొలుసు చప్పుడు కింద మొదలైంది.

“ఇప్పుడేం చేత్తారు బాబాయ్? దీన్ని అసలు టైముకి పెట్టేత్తారా?”

“పెట్టాలమ్మా. ఊరికే ముల్లు జరిపేస్తే గంటల లెక్క తప్పుతుంది. ప్రతి గంట దగ్గరా ఆగి, కొట్టనిచ్చి, తిప్పుకుంటూ రావాలి. శుక్రవారం నించి ఇవాళ్టిదాకా అన్ని గంటలూ.”

ఆమె గడియారం లోపలి వారం పేరు చూసింది.

“ఆ రోజు మధ్యాన్నం దగ్గరికొచ్చినప్పుడు కాస్త నెమ్మదిగా తిప్పండి,” అని, ఎర్రయ్య పడవ ముందు వెళుతుందని దాన్లోకి దిగిపోయింది.

తిప్పాను. ఖాళీ హాల్లో ఒంటిగంట కొట్టింది, రెండు కొట్టింది. సాయంత్రమైంది, అర్ధరాత్రయింది. వారం పేరు మారి శనివారమైంది. ఇక్కడ ఆకాశం ఎర్రబడింది. ఇక్కడ ఫోన్లు చచ్చాయి. ఇక్కడ బిస్కెట్లు అయిపోయాయి. వేలు నొప్పి పెట్టింది, చేయి మార్చుకున్నాను. చివరికి ఆ రోజు, ఆ మధ్యాహ్నం వచ్చింది. అన్నాల వేళ. పన్నెండు కొట్టనిచ్చాను. ఒంటిగంటకు ముందు ముల్లును ఆపి, గడియారం అద్దంలో నా మొహం చూసుకుంటూ నిలబడ్డాను. పందిళ్ల మీద చేపలు, వాటిని తిరగేస్తున్న మనిషి, మెడలెత్తి చూస్తున్న పడవలు.

ఓడ కదిలింది. నేను ఒక్కో నిమిషమే తిప్పాను.